పలాస జీడిపప్పు ఆట బ్రౌజర్‌లో నడవాలంటే ఏం చెయ్యాలి

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకీ అర్థమవుతుంది. నువ్వు సీ ప్లస్ ప్లస్‌లో, బొమ్మలూ సౌండూ చూసుకునే ఎస్‌డీఎల్2 అనే లైబ్రరీ వాడి ఒక ఆట రాశావు. పలాస జీడి ఫ్యాక్టరీలో బెల్టు మీద వచ్చే పప్పుని గుండు, బద్ద, ముక్క అని ఏరి, గుండ్లని మళ్లీ 180, 240, 320 గ్రేడ్ల డబ్బాల్లో వెయ్యాలి. ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. ఇప్పుడది మీ అమ్మగారి ఫోన్లోనూ, మందసలో మీ పిన్ని పిల్లల ఫోన్లలోనూ ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా వాట్సాప్‌లో లింకు నొక్కగానే తెరుచుకోవాలి. బ్రౌజర్‌లో నేరుగా మెషీన్ కోడు నడపడానికి గూగుల్ తెచ్చిన పాత పద్ధతి నేటివ్ క్లయింట్ మీద ఏదో పాఠం దొరికితే అది చూసి చేశావు, క్రోమ్ పట్టించుకోలేదు. ఇప్పుడు బ్రౌజర్లన్నీ నడిపే కోడు రూపం వెబ్‌అసెంబ్లీకి (పొట్టిగా వాసమ్) మారితే ఆట నెమ్మదిస్తుందా, అసలు బ్రౌజర్‌లో నేటివ్ కోడు నడపడం ప్రమాదం కాదా అన్నవి మిగతా రెండు అనుమానాలు.

ముందే చెప్తున్నా, వేగం గురించి టెన్షన్ వదిలెయ్. ఇలా సీ ప్లస్ ప్లస్ ఆటల్ని బ్రౌజర్‌కి మార్చే పని నేను శ్రీకాకుళంలోనే కూర్చుని చాలాకాలంగా చేస్తున్నాను, ఇంత సైజు ఆట ఏదీ వేగం దగ్గర ఆగిపోవడం చూడలేదు. ఆగిపోయేది వేరే చోట. ఇప్పటిదాకా నీ ప్రోగ్రాము మెషీన్‌ని తన చేతిలో పెట్టుకుని నడిచింది. బ్రౌజర్‌లో అలా కుదరదు, బ్రౌజర్ పిలిచినప్పుడు వచ్చి ఒక ఫ్రేము పని చూసుకుని వెంటనే వెళ్లిపోవాలి. లూపు, ఫైళ్లు, సౌండు, థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనులు), ఎక్కడ చిక్కు వచ్చినా మూలం ఇదే.

నేటివ్ క్లయింట్ సంగతి. గూగుల్ వాళ్లు 2008 డిసెంబర్‌లో బయటపెట్టారు, 2011లో క్రోమ్ 14తో వచ్చింది. ఆలోచన మాత్రం గొప్పది. ప్రాసెసర్‌కి నేరుగా అర్థమయ్యే కోడునే బ్రౌజర్‌కి పంపిస్తారు, నడిపే ముందు ఒక వ్యాలిడేటర్ ఆ కోడుని ఇన్‌స్ట్రక్షన్ ఇన్‌స్ట్రక్షన్ చొప్పున పరీక్షిస్తుంది, కోడుని 32 బైట్ల ముక్కలుగా సర్దించి, ఎక్కడికి దూకాలో నడుస్తుండగా తేలే జంప్‌లన్నీ ఆ ముక్క మొదట్లోకే పడేలా కట్టేస్తుంది. అప్పట్లో నేను దాని రీసెర్చ్ పేపరు కూర్చుని మొత్తం చదివాను, ఇప్పటికీ చదవదగ్గదే. కానీ ఇంటెల్‌కి ఒక బైనరీ, ఆర్మ్‌కి ఇంకొకటి కావాల్సొచ్చేది. 2013లో పీనాకిల్ వచ్చి ఆ ఇబ్బంది తీర్చినా, బొమ్మ గీయాలన్నా సౌండు రావాలన్నా పెప్పర్ అనే గూగుల్ సొంత ఇంటర్‌ఫేస్ మీదే ఆధారపడాలి, దాన్ని మొజిల్లా వాళ్లు ఒప్పుకోలేదు. ఒకే బ్రౌజర్‌లో నడిచేది వెబ్ ఎలా అవుతుంది? గూగుల్ ఎర్త్‌నే చూడు, 2017లో కొత్త వెబ్ వెర్షన్ నేటివ్ క్లయింట్ మీద వచ్చి క్రోమ్‌లో మాత్రమే తెరుచుకునేది, వెబ్‌అసెంబ్లీకి మారాకే 2020లో ఫైర్‌ఫాక్స్ లాంటి మిగతా బ్రౌజర్లలో నడిచింది. నేటివ్ క్లయింట్‌ని ఆపేస్తున్నామని గూగుల్ 2017లోనే చెప్పేసింది. కాబట్టి ఆ పాఠం పక్కన పెట్టెయ్, క్రోమ్‌లో ఏ ఫ్లాగ్ మార్చినా లాభం లేదు. ప్లగిన్ల పద్ధతీ అంతే, పాత ఎన్‌పీఏపీఐ రకం ప్లగిన్లని క్రోమ్ 2015లో పూర్తిగా తీసేసింది, ఫ్లాష్‌కి 2020 డిసెంబర్ 31తో అడోబీ మద్దతు ఆపేసింది.

ఈలోపు మొజిల్లా వైపు నుంచి ఇంకో దారి పడింది. అలోన్ జకాయ్ మొదలుపెట్టిన ఎమ్‌స్క్రిప్టెన్, సీ, సీ ప్లస్ ప్లస్ కోడుని జావాస్క్రిప్ట్‌గా మార్చేది. ఆ జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ ముందుగానే మెషీన్ కోడు చేసుకోగలిగేలా ఒక కట్టుదిట్టమైన రూపంలో రాస్తే అది ఏఎస్ఎమ్ డాట్ జేఎస్ అయింది. 2013లో అన్‌రియల్ ఇంజిన్ 3ని ప్లగిన్ లేకుండా ఫైర్‌ఫాక్స్‌లో నడిపి చూపించారు, నాలాంటివాళ్లకి ఇక ఇదే దారి అని నమ్మకం కలిగింది అప్పుడే. 2015లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్ వాళ్లంతా ఒక మాట మీదకొచ్చి వెబ్‌అసెంబ్లీ మొదలుపెట్టారు, 2017 చివరికి నాలుగింట్లోనూ వచ్చేసింది, 2019 డిసెంబర్‌లో వెబ్ ప్రమాణాలు పెట్టే సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణం చేసింది. నువ్వు వాడాల్సిన ఎమ్‌స్క్రిప్టెన్ కూడా ఆ పాతదే, ఇప్పుడు వాసమ్ ఫైలు ఇస్తుంది. ఎస్‌డీఎల్2 అందులో పోర్టుగా దొరుకుతుంది, నీ గ్రాఫిక్స్ కోడులో దాదాపు ఏమీ మార్చక్కర్లేదు.

ప్రమాదమా అన్నావు. వాసమ్ కోడు కంటికి కనిపించేది ఒక్కటే, తనకిచ్చిన ఒక పొడుగాటి మెమరీ పట్టీ. 64 కేబీ పేజీల లెక్కన పెరుగుతుంది, మామూలు 32 బిట్ వాసమ్‌లో 4 జీబీ దాటదు. దాని బయట చెయ్యి పెడితే అక్కడికక్కడే ఆగిపోతుంది. ఫంక్షన్ ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో రాసుకున్న స్టాకు ఆ పట్టీలో ఉండదు కాబట్టి దాన్ని చెరిపి దారి మళ్లించడం కుదరదు. ఫైళ్లు, కెమెరా, నెట్‌వర్కు, ఏది కావాలన్నా జావాస్క్రిప్ట్‌నే అడగాలి, మామూలు వెబ్ పేజీకి దొరకని అనుమతి దీనికీ దొరకదు.

అయితే ఇక్కడ చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం ఒకటుంది. వాసమ్‌లో సున్నా అడ్రస్సు కూడా మంచి అడ్రస్సే. నీ ల్యాప్‌టాప్‌లో నల్ పాయింటర్‌లోకి (అంటే సున్నా అడ్రస్సులోకి) రాస్తే ప్రోగ్రాము వెంటనే పడిపోతుంది, తప్పు దొరుకుతుంది. బ్రౌజర్‌లో మామూలు బిల్డు అయితే అది చప్పుడు లేకుండా మెమరీ మొదట్లో రాసేసుకుని పోతుంది, ఎక్కడో ఐదు నిమిషాల తర్వాత స్కోరు తొంభై లక్షలు చూపిస్తుంది. పట్టీ లోపల నీ డేటాని నువ్వే పాడుచేసుకుంటే వెబ్‌అసెంబ్లీ కాపాడదు. అందుకే ముందు ల్యాప్‌టాప్‌లోనే మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి కంపైల్ చేసి, అరగంట ఆడి, ఒక్క ఎర్రర్ కూడా లేదనుకున్నాకే ఇటు రా. తర్వాత డీబగ్ బిల్డులో అసర్షన్స్, సేఫ్ హీప్ అనే ఎమ్‌స్క్రిప్టెన్ తనిఖీలు ఆన్ చేసి పెట్టుకో.

వేగం లెక్క కూడా చెప్పేస్తాను. 2019లో యూసెనిక్స్ సదస్సులో వచ్చిన ఒక అధ్యయనంలో ప్రాసెసర్ వేగం కొలవడానికి వాడే స్పెక్ సీపీయూ ప్రోగ్రాముల్ని కొలిస్తే వాసమ్ నేటివ్ కంటే సగటున ఫైర్‌ఫాక్స్‌లో 45 శాతం, క్రోమ్‌లో 55 శాతం నెమ్మదిగా నడిచింది. అవన్నీ చాలాసేపు లెక్కలు చేసే బరువైన ప్రోగ్రాములు. నీ బెల్టు మీద ఒకేసారి నలభై పప్పులుంటే ఎక్కువ. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి నెమ్మదిగా ఉందని బెంగపడేవాళ్లే ఎక్కువ, కంపైల్ కమాండ్‌లో ఓ2 గానీ ఓ3 గానీ పెట్టి చూడు.

ఇప్పుడు అసలు పని, లూపు. నీ మెయిన్ ఫంక్షన్‌లో ఇప్పుడున్నది ఏమిటంటే, ఆట నడుస్తున్నంతసేపూ తిరిగే ఒక వైల్ లూపు, అందులో ఈవెంట్లు చదవడం, పప్పుల్ని జరపడం, బొమ్మ గీయడం, చివర్లో ఎస్‌డీఎల్ డిలే 16. దీన్ని ఇలాగే బ్రౌజర్‌లో పెడితే ట్యాబ్ మొత్తం బిగుసుకుపోతుంది, తెర మీద ఒక్క బొమ్మ కూడా రాదు. ఎందుకంటే పేజీని గీసేదీ, నీ టచ్‌ని అందుకునేదీ, నీ కోడుని నడిపేదీ ఒకే థ్రెడ్, నువ్వు ఫంక్షన్ లోంచి బయటికి రాకపోతే దానికి గీసే అవకాశమే లేదు.

కాబట్టి లూపు లోపలున్నదంతా ఒక ఫంక్షన్‌గా విడదీసి, దాన్ని ఎమ్‌స్క్రిప్టెన్ సెట్ మెయిన్ లూప్ ఆర్గ్ అనే దానికి అప్పగించు. ఎఫ్‌పీఎస్ దగ్గర సున్నా ఇవ్వు, అప్పుడు బ్రౌజరే తెర రిఫ్రెష్ అయ్యే ప్రతిసారీ నిన్ను పిలుస్తుంది. డిలే పూర్తిగా తీసెయ్. ఆట స్థితి మొత్తం, అంటే విండో, రెండరర్, పప్పుల జాబితా, స్కోరు, అన్నీ ఒక స్ట్రక్ట్‌లో పెట్టి న్యూతో హీప్ మీద సృష్టించి ఆ పాయింటర్ పంపు. మెయిన్‌లో లోకల్‌గా ఉంచావంటే మెయిన్ ముగియగానే అవి పోతాయి, ఆట మొదటి ఫ్రేములోనే పోతుంది. ఇంకోటి, డిఫాల్ట్ స్టాకు ఇప్పటి ఎమ్‌స్క్రిప్టెన్‌లో 64 కేబీయే. ఫంక్షన్ లోపల పెద్ద అర్రేలు ప్రకటించే అలవాటుంటే మానుకో, లేదా స్టాక్ సైజు పెంచు. అసింకిఫై అనే ఆప్షన్ పెడితే లూపు మార్చక్కర్లేదని ఎవరో ఒకరు నీకు చెప్తారు. నిజమే, పని జరుగుతుంది, కానీ ఫైలు సైజు పెరుగుతుంది, వేగమూ తగ్గుతుంది. ఒక్క లూపున్న ఆటకి అది అనవసరం. మెనూకి ఒక లూపు, ఆటకి ఒక లూపు, గేమ్ ఓవర్‌కి ఒక లూపు అని మూడు రాసి ఉంటే, స్టేట్ అని ఒక ఈనమ్ పెట్టి ఒకే ఫంక్షన్‌లో స్విచ్ రాయి.

దీంతోపాటే తప్పనిసరిగా చెయ్యాల్సింది, పప్పు కదలికని ఫ్రేముల లెక్కన కాకుండా గడిచిన కాలం లెక్కన రాయడం. ఇప్పుడు ఫ్రేముకి నాలుగు పిక్సెళ్లు జరుపుతున్నావని రాశావు. 60 హెర్ట్‌జ్ తెర మీద సరిగ్గా ఉంటుంది. అదే ఆట 120 హెర్ట్‌జ్ ఫోన్లో బెల్టు రెట్టింపు వేగంతో పరుగెడుతుంది, నీ స్నేహితుడు ఆట చాలా కష్టంగా ఉందంటాడు, మీ అమ్మగారు తేలిగ్గా ఉందంటారు, ఇద్దరిదీ నిజమే. సెకనుకి ఇన్ని పిక్సెళ్లు అని పెట్టుకుని, పోయిన ఫ్రేము నుంచి గడిచిన సమయంతో గుణించు. గడిచిన సమయానికి ఒక పైహద్దు కూడా పెట్టు, సెకనులో పదోవంతు చాలు. ఫోన్ వచ్చి వేరే యాప్‌లోకి వెళ్తే బ్రౌజర్ నీ ఫంక్షన్‌ని పిలవడం ఆపేస్తుంది, రెండు నిమిషాల తర్వాత తిరిగొస్తే ఆ రెండు నిమిషాల కదలిక ఒక్క ఫ్రేములో జరిగి పప్పులన్నీ ఒకేసారి కింద పడిపోతాయి.

తర్వాత ఫైళ్లు, సైజు. అన్నిటికన్నా నేను ఎక్కువ పట్టించుకునేది ఇక్కడే, ఎందుకంటే నీ ఆట ఆడేది విశాఖలో ఫైబర్ నెట్ ఉన్న ఇంట్లో కాదు. మందస, పాతపట్నం, సీతంపేట వైపు సిగ్నల్ ఎలా ఉంటుందో నీకు తెలుసు, ఇంట్లో రాదు, వీధి అరుగు మీదకొస్తే వస్తుంది. బ్రౌజర్‌లో డిస్కు ఉండదు కాబట్టి నీ అసెట్స్ ఫోల్డర్‌ని ప్రీలోడ్ ఫైల్ ఆప్షన్‌తో ఒక డేటా ఫైలుగా కట్టాలి. ఎస్‌డీఎల్ ఇమేజ్ ఎప్పటిలాగే పేరుతో ఫైలు తెరుస్తుంది, అదంతా మెమరీలో ఉన్న నకిలీ డిస్కు. కానీ ఆ డేటా ఫైలు చివరి బైటు దిగేదాకా మెయిన్ మొదలవ్వదు. చూసేవాళ్లకి నల్లని తెర.

లెక్క వేసి చూద్దాం. నువ్వు పెట్టానన్న మూడు నిమిషాల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వేవ్ ఫైలు. స్టీరియో, 44,100 శాంపిళ్లు, 16 బిట్లు అంటే సెకనుకి 1,76,400 బైట్లు, 180 సెకన్లకి దాదాపు 32 ఎంబీ. దాన్నే ఆగ్ వోర్బిస్‌లో 96 కేబీపీఎస్‌కి మార్చితే 2 ఎంబీ పైచిలుకు. 30 సెకన్ల ముక్కని తిప్పి తిప్పి వాయిస్తే 400 కేబీ కూడా ఉండదు, ఫోన్ స్పీకర్‌లో తేడా ఎవరికీ తెలియదు. సఫారీ ఆగ్ ఆడించదేమో అని భయపడకు, డీకోడ్ చేసేది నీ వాసమ్ లోపలి ఎస్‌డీఎల్ మిక్సరే. బొమ్మల దగ్గర రెండు లెక్కలు వేరు. పీఎన్‌జీ డౌన్‌లోడ్‌కి 300 కేబీయే కావచ్చు, 2048 బై 2048 బొమ్మ విప్పాక మెమరీలో 16 ఎంబీ తింటుంది. ఎమ్‌స్క్రిప్టెన్ మొదట ఇచ్చే మెమరీ దాదాపు 16 ఎంబీయే, కాబట్టి మెమరీ గ్రోత్ ఆన్ చేసుకో, బొమ్మలూ చిన్నవి చెయ్, జీడిపప్పు బొమ్మకి 128 పిక్సెళ్లు చాలు. తెలుగు ఫాంటు మొత్తం కట్టకుండా స్కోరు అంకెలూ, మెనూలోని నాలుగు మాటలూ ముందే బొమ్మలుగా గీసి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఒత్తులు విడిపోయే బాధ కూడా తప్పుతుంది. అంతా కలిపి 3 ఎంబీ లోపల తేవాలని పెట్టుకో, నీ ఆటకి అది కుదిరే మాటే.

హై స్కోరు ఇప్పుడు టెక్స్ట్ ఫైల్లో రాస్తున్నావు కదా, బ్రౌజర్‌లో అది మెమరీలోనే ఉండి రిఫ్రెష్ కొట్టగానే పోతుంది. ఐడీబీఎఫ్ఎస్ అని ఫైళ్లని బ్రౌజర్‌లోని డేటాబేస్ ఇండెక్స్‌డ్ డీబీకి కలిపే పద్ధతి ఉంది, కాకపోతే సింక్ ఎప్పుడవుతుందో చూసుకోవాలి. ఒక్క అంకె కోసం అంత వద్దు, సీ ప్లస్ ప్లస్ లోంచి జావాస్క్రిప్ట్ నడిపే ఈఎమ్ ఏఎస్ఎమ్‌తో బ్రౌజర్ లోకల్ స్టోరేజ్‌లో రాసెయ్.

సౌండు విషయం చిన్నది. వాడినవాళ్లు తెరని ఒక్కసారైనా తాకేదాకా క్రోమ్, సఫారీ సౌండు రానివ్వవు. మొదట్లో "ఆట మొదలుపెట్టు" అని ఒక పెద్ద బటన్ పెట్టు, సరిపోతుంది. టచ్ కోసం వేరే కోడు రాయక్కర్లేదు, ఎస్‌డీఎల్ ఒక వేలి టచ్‌ని మౌస్ క్లిక్‌గా కూడా ఇస్తుంది.

థ్రెడ్లు మాత్రం వాడకు. లోడింగ్‌కి వేరే థ్రెడ్ పెడదామా అన్నావు, అవసరం లేదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడ్డాక, థ్రెడ్లు మెమరీ పంచుకోవడానికి కావాల్సిన షేర్డ్ అర్రే బఫర్‌ని బ్రౌజర్లన్నీ ఆపేశాయి, తర్వాత తిరిగిచ్చినా సర్వర్ రెండు ప్రత్యేకమైన హెడర్లు పంపితేనే ఇస్తున్నాయి. నువ్వు పెడదామనుకుంటున్న గిట్‌హబ్ పేజెస్‌లో సొంత హెడర్లు పెట్టే వీల్లేదు. గోడో అనే గేమ్ ఇంజిన్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, 4 నుంచి 4.2 దాకా వెబ్ ఎక్స్‌పోర్ట్‌లో ఇబ్బంది పెట్టింది ఇదే, 4.3లో థ్రెడ్లు లేని ఎక్స్‌పోర్ట్ మళ్లీ ఇచ్చారు, అది వాడండి.

బిల్డ్ అయ్యాక హెచ్‌టీఎమ్ఎల్ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకు, వాసమ్ లోడ్ అవ్వదు. ఆ ఫోల్డర్‌లో పైథాన్ హెచ్‌టీటీపీ సర్వర్ నడిపి లోకల్‌హోస్ట్ 8000లో చూడు. నెట్‌లో ఎక్కించాక చాలామంది తల పట్టుకునే ఎర్రర్ ఒకటుంది, అందులో 00 61 73 6డీ కావాలి, 3సీ 21 44 4ఎఫ్ వచ్చింది అని రాస్తుంది. కావాల్సినవి ప్రతి వాసమ్ ఫైలు మొదట్లో ఉండే నాలుగు బైట్లు. వచ్చినవి అక్షరాలుగా చదివితే కోణపు బ్రాకెట్టు, ఆశ్చర్యార్థకం, డీ, ఓ. అంటే డాక్‌టైప్ అనే మాట మొదలు, సర్వర్ నీకు వాసమ్ బదులు ఏదో హెచ్‌టీఎమ్ఎల్ పేజీ పంపింది, మామూలుగా ఫైలు దొరకలేదనే 404 పేజీ. కోడు జోలికి వెళ్లకు, ఫైలు పేరులో పెద్ద చిన్న అక్షరాలూ, ఫోల్డర్ దారీ సరిచూడు. మైమ్ టైప్ (ఇది ఏ రకం ఫైలో సర్వర్ చెప్పే మాట) తప్పని పసుపు రంగులో హెచ్చరిక వస్తే ఆట నడుస్తుంది గానీ, దిగుతూ దిగుతూనే కంపైల్ అయ్యే సదుపాయం పోతుంది, సర్వర్ అప్లికేషన్ వాసమ్ అని పంపేలా చూసుకో.

పరీక్షించేటప్పుడు నీ ఫోన్ ఒక్కటే చాలదు. మీ వీధిలో అందరికన్నా పాత ఆండ్రాయిడ్ ఎవరి దగ్గరుందో అడిగి తెచ్చుకో, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఆ ఫోన్లోని కన్సోల్ ఇక్కడే కనిపిస్తుంది. ఆ ఫోన్లో పది నిమిషాలు ఆడి, మధ్యలో ఫోన్ కాల్ చేయించి, స్క్రీన్ తిప్పి, మళ్లీ ఆటలోకి వచ్చి చూడు.

ముందు లూపు ఒక్కటి మార్చి, బొమ్మలూ సౌండూ లేకుండా రంగు చతురస్రాలతో బ్రౌజర్‌లో కదిలించు. అది నడిచాకే ఫైళ్ల దగ్గరకి రా. ఎక్కడైనా ఆగితే కన్సోల్‌లో వచ్చిన మొదటి ఎర్ర లైనూ, నువ్వు ఇచ్చిన కంపైల్ కమాండ్ మొత్తం, ఎమ్‌స్క్రిప్టెన్ వెర్షనూ ఇక్కడే కింద రాయి, చూసి చెప్తాను.